చెఱిపిన అఱ

మా ఇంటి ల్యాప్‌టాపు పాతది. 2019వ సంవత్సరపు వేసవిలో మా అత్తగారు పాడిన మంగళహారతులను, లాలిపాటలను నేను ఫోనులో పట్టియుంచితిని. ‘ఊర్మిళాదేవి నిద్ర’ను ఆమె మొదలునుండి తుదవఱకు ఎచ్చటను తడుముకొనక పాడెడిది. ఫోనులో చోటు చాలకపోవుటచే ఆ పాటలనెల్ల ల్యాప్‌టాపులోనికి మార్చదలచితిని.

తెఱచి చూచితిని గదా, ‘సి’ యను భాగము నిండియుండెను. దాని ప్రక్కనే ‘డి’ యనునది యొకటి గలదు. ‘రికవరీ’ యని దాని పేరు. దానిక్రింది గీతయు ఎఱ్ఱగానే యుండెను. లోపల నాకు తెలిసిన ఫైలొక్కటియు కానరాదయ్యెను. ఎవరికిని పనికిరాని ఈ చెత్త ఇందేల యని, అటుకమీది పాత డబ్బాలను పాఱవేయు నుత్సాహముతో ‘ఫార్మాట్’ అను మాటను నొక్కితిని. ఉన్నదంతయు చెఱిగిపోవునని యంత్రము హెచ్చరించెను. అట్టి హెచ్చరికలు దినమునకు పది చూచుచునే యుందుము గదా! సరే యంటిని. క్షణములో పదుమూడు జీబీల చోటు చిక్కినది. పాటలను అందుజేర్చి, ఫోనులోనివి తుడిచివేసి, నా నేర్పునకు నేనే మురిసితిని.

దసరా సెలవులకు మా అన్నగారి కుమారుడు వచ్చెను. యంత్రము నత్తనడక నడచుచున్నదని, దానిని కొన్ననాటి స్థితికి తెచ్చెదనని కూర్చుండెను. కొంతసేపటికి, “అత్తా, డీలో రికవరీ ఉండాలే, ఏమయింది?” అని యడిగెను. చెప్పితిని. వాడు తల పట్టుకొనెను.

డిస్కు ఒక్కటే యైనను, బీరువాకు అఱలున్నట్లు దానిని భాగములు చేయుదురట. తయారుచేసినవారు అందొక అఱలో విండోస్ ప్రతిని, ధ్వనికిని వైఫైకిని కావలసిన డ్రైవర్లను మూటగట్టి దాచుదురు. యంత్రము చెడినపుడు ఆ మూట విప్పి మఱల క్రొత్తదానివలె చేసికొనవచ్చును. నేను చెత్తయని చెఱిపినది ఆ మూటనే! కొన్ననాడే దానినొక పెన్‌డ్రైవునకు ఎక్కించుకొను వీలు ఆ విండోస్‌లోనే కలదట. ఆ సంగతి అమ్మినవారు చెప్పిరా?

తిరిగి తేలేమా యని యడిగితిని. త్వరగా ముగియు ఫార్మాటు లోని సరకును మాపదు, దాని విషయసూచికను మాత్రమే మార్చును. ఆపైని మఱేమియు వ్రాయకున్నచో వెదకి తీయు సాధనములు గలవు. కాని నేను దానిపై పాటలు వ్రాసితిని.

నా ముఖము చూచి వాడు నవ్వెను. 2012లో విండోస్ 8 వచ్చినది మొదలు, ముందుగా విండోస్ ఎక్కించి అమ్మెడి యంత్రములలో లైసెన్సు సంఖ్యను డిస్కులో గాక మదర్‌బోర్డుమీది చిప్పులోనే నిలుపుచున్నారట. మైక్రోసాఫ్ట్ వారి స్థాపనప్రతిని 8 జీబీల పెన్‌డ్రైవునకు ఉచితముగా దింపుకొనవచ్చును; డ్రైవర్లను మోడలు సంఖ్యనుబట్టి తయారీదారుల సైటులో వెదకికొనవచ్చును. పోయినదంతయు దొరకునదే.

“మరి, ఈ పాటలకు ఇంకో కాపీ ఎక్కడుంది, అత్తా?”

నాకు నోట మాట రాలేదు. ఆ మూట ఉండియున్నను యంత్రమునే బాగుచేయును గాని, మనము దాచుకొన్నవానిని ఎఱుగదు. పైగా దానిని విప్పిన చాలమాఱులు ‘సి’లోని మన వస్తువులనెల్ల తుడిచివేయును. ‘సి’లో చోటుండి పాటలను అందే ఉంచియున్నచో, నేనా అఱను చెఱుపకున్నచో, ఆ సాయంకాలమే అవి పోయియుండునేమో. అప్పటికే అత్తగారికి మాట తడబడుచుండెను. ఆమెచేత మఱల పాడించుటకు వీలులేదు.

వాడు మఱేమియు ముట్టక, ముందుగా రెండు పెన్‌డ్రైవులలో పాటలు దింపెను. ఒకదానిని విశాఖపట్టణమున నున్న మా ఆడుబిడ్డకు పంపితిమి. ఇంకొకటి నా నగల పెట్టెలో నున్నది. సరిగా దిగినవో లేదో చూతమని రాత్రి ఒక పాట పెట్టితిమి. మంచముమీద నున్న అత్తగారు తల త్రిప్పి, “ఎవరే పాడేది?” అనిరి.

“మీరే, అత్తయ్యగారూ.”

“నేనా!” అని, కన్నులు మూసికొని, తుదవఱకు వినిరి.