కలిపిన తరువాత

మా నాన్నగారు టెలిఫోన్ ఆపరేటరు. గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరి ఎక్స్‌ఛేంజి. ట్రంకు కాల్ బుక్ చేసి జనం గంటల తరబడి ఎదురుచూసే రోజులవి. ఆయన ముందు నిలువెత్తు బోర్డు, దాని నిండా రంధ్రాలు, చేతిలో ప్లగ్గులున్న తీగలు. ఒక ప్లగ్గు ఇక్కడ, ఇంకొకటి అక్కడ పెడితే రెండు ఊళ్ళు మాట్లాడుకునేవి. ఎవరింట పెళ్ళి కుదిరిందో, ఎవరు పోయారో ఊరందరికంటే ముందు తెలియగలిగిన మనిషి ఆయన. కానీ ఆ కబుర్లేవీ మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఎప్పుడైనా అడిగితే, "కలిపేదాకానే మన పని. కలిపాక ఆ చెవి మనది కాదు" అనేవారు.

గత చలికాలంలో, చికాగో శివారులో, పొరుగింటివారి బేస్‌మెంట్‌లో కూర్చుని ఉండగా ఆ మాట మళ్ళీ వినిపించింది.

పొరుగింటి పెద్దాయన పోయి అప్పటికి ఏడాది. ఆయన భార్య ఒక సాయంత్రం నన్ను పిలిచి, కింద బల్లమీద దుమ్ము పట్టిన 486 కంప్యూటరు చూపించారు. "రాత్రిళ్ళు ఆయన ఇక్కడే ఉండేవారు. ఇదేదో బులెటిన్ బోర్డు అనేవారు. పిల్లల పనుల్లో పడి నేనెప్పుడూ తొంగి చూడలేదు. ఇప్పుడొక్కసారి చూడాలనుంది. వీలవుతుందా?" అన్నారు.

ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందు ఇవి ఉండేవి. ఒక కంప్యూటరు, ఒక మోడెమ్, ఒక ఫోన్ లైను. మన కంప్యూటరుతో ఆ నంబరుకు ఫోన్ చేస్తే అవతలి యంత్రం ఎత్తి మెనూ చూపేది. ఉత్తరాలు చదవవచ్చు, రాయవచ్చు, ఫైళ్ళు తెచ్చుకోవచ్చు. లైను ఒకటే ఉన్నచోట ఒకసారికి ఒక్కరే; తక్కినవారికి ఎంగేజ్ టోను. నడిపే మనిషిని సిస్టమ్ ఆపరేటర్ అనేవారు, పొట్టిగా సిసాప్.

వీటిలో మొదటిదిగా చెప్పుకునే సీబీబీఎస్ పుట్టింది ఈ చికాగోలోనే. 1978 జనవరిలో మంచుతుఫాను ఊరిని ముంచెత్తినప్పుడు వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు మిత్రులు పని మొదలుపెట్టి ఫిబ్రవరి 16న దానిని తెరిచారు. మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు, అంటే సుమారు 30 అక్షరాలు. 1984లో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ ఆరంభించాక, ఫోన్ రేట్లు తగ్గే అర్ధరాత్రి వేళ బోర్డులే ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఉత్తరాలు మార్చుకునేవి. స్యూస్ 2019లో, క్రిస్టెన్సెన్ 2024లో వెళ్ళిపోయారు.

యంత్రాన్ని లేపడమే మొదటి చిక్కు. మదర్‌బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోవడంతో తనకొక హార్డ్ డిస్క్ ఉందన్న సంగతే అది మరచిపోయింది. డిస్క్ పైన చీటీలో అచ్చువేసిన అంకెలు చదివి, ఎన్ని సిలిండర్లో, ఎన్ని హెడ్లో చేత్తో పూరించాను. డాస్ లేచింది. ముందు డిస్క్‌కు నకలు తీసి పెట్టి, అప్పుడు బోర్డు ప్రోగ్రాం నడిపాను.

ఆ ఇంట్లో ఫోన్ లైను ఎప్పుడో తీయించేశారు. అందుకని సీరియల్ కేబుల్‌తో దానిని నా ల్యాప్‌టాప్‌కు కలిపాను. ఉలుకూ పలుకూ లేదు. తొమ్మిది పిన్నుల పోర్టులో మూడవది పలికే పిన్ను, రెండవది వినే పిన్ను. నా దగ్గరున్నది తిన్నని కేబుల్. ఇద్దరి నోళ్ళూ ఎదురెదురుగా, ఇద్దరి చెవులూ ఎదురెదురుగా ఉంటే మాట ఎలా సాగుతుంది? ఒకరి నోరు మరొకరి చెవికి చేరేలా తీగలు మార్చాను. వెంటనే నా తెరమీద అక్షరాలు పడ్డాయి: ఏటీజెడ్.

అది మోడెమ్‌ను పలకరించే ఆదేశం. జవాబుగా 'ఓకే' రావాలి. చెప్పడానికి మోడెమ్ లేదు. మరికాసేపటికి మళ్ళీ ఏటీజెడ్. ఎన్నేళ్ళ తరువాత లేచినా, ఆ ప్రోగ్రాంకు తెలిసింది ఆ ఒక్క పలకరింపే.

సరే, నేనే మోడెమ్ అవుదామనుకున్నాను. 'ఓకే' అని టైపు చేశాను. అది తృప్తి పడి మౌనంగా కూర్చుంది. 'రింగ్' అని కొట్టాను. ఫోన్ మోగిందనుకుని, ఎత్తమంటూ 'ఏటీఏ' పంపింది. 'కనెక్ట్ 2400' అని జవాబిచ్చాను. క్షణం ఆగి, మళ్ళీ మొదటి ఏటీజెడ్‌కే వెళ్ళిపోయింది.

రెండు రాత్రులు పట్టింది కారణం తెలియడానికి. మాట నమ్మితే చాలదు దానికి. అవతల మనిషి ఇంకా ఉన్నాడన్న గుర్తుగా ఒకటవ పిన్నులో సంకేతం నిలిచి ఉండాలి. లేకపోతే ఫోన్ పెట్టేశారనుకుంటుంది. నా వైపు నాలుగవ పిన్ను, అంటే "నేను సిద్ధంగా ఉన్నాను" అని చెప్పేది, తీసుకువెళ్ళి దాని ఒకటవ పిన్నుకు అతికాను. మళ్ళీ రింగ్, మళ్ళీ కనెక్ట్. ఈసారి పెద్దాయన స్వయంగా రాసుకున్న స్వాగతం వరుస తరువాత వరుసగా తెరమీద దిగింది. ఆ ఆనందంలో ఆ వేళప్పుడు ఎవరికి చెప్పుకోను!

మరునాడు నలభై అడుగుల కేబుల్‌ను మెట్లమీదుగా వంటింటిదాకా లాగాను. 2400 వేగానికి ఆ దూరం లెక్కలోది కాదు. కొత్తగా చేరినవారికి రోజుకు అరగంట అని ఆయన పెట్టిన కాలపరిమితిని ముందే ఎత్తేశాను. వంటింటి బల్ల దగ్గర నేనే రింగ్ కొట్టి, కనెక్ట్ చెప్పి, స్వాగతం రాగానే కుర్చీ ఆవిడకు వదిలి కిందికి వెళ్ళాను, యంత్రం మొరాయిస్తే చూసుకోవచ్చునని.

కిందికి వెళ్ళాక గాని నాకు స్ఫురించలేదు. పైన ఆవిడ చూసేదీ, టైపు చేసేదీ అంతా కింది మానిటర్‌లో అక్షరం అక్షరం కనిపిస్తుంది. సిసాప్‌కున్న సౌకర్యమది. ఆవిడ పేరు రాశారు. పాత ఉత్తరాలు ఒక్కొక్కటే తెరిచారు. కారు కార్బురేటర్ గురించి ఒకరికి ఆయన ఇచ్చిన ఓపికైన సలహా, ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు. పైనుంచి చిన్న నవ్వు వినిపించింది.

కాసేపటికి కంప్యూటరులోని స్పీకరు కీచుకీచుమని మోగింది. మెనూలో ఉన్న 'సిసాప్‌ను పిలువు' నొక్కారు ఆవిడ.

నా చేయి కీబోర్డు మీదికి వెళ్ళింది. ఒక్క మీట నొక్కితే ఇద్దరం మాట్లాడుకోవచ్చు. నొక్కలేదు. ఆవిడ పిలిచింది నన్ను కాదు. గంట మోగి మోగి ఆగింది. 'సిసాప్ ప్రస్తుతం లేరు, ఉత్తరం రాసి వెళ్ళవచ్చు' అని ప్రోగ్రాం తనంతట తానే చెప్పింది. ఆవిడ రాయడం మొదలుపెట్టారు. మొదటి అక్షరాలు కనిపించగానే మానిటర్ ఆపేశాను.

గంటకు పైగా ఆ చీకట్లో కూర్చున్నాను, డిస్క్ అప్పుడప్పుడు గరగరమనడం వింటూ. ఆ ఉత్తరం అందులోనే ఉంది. చదవడం నాకు చిటికెలో పని. చదవలేదు.

ఆ రాత్రి నాన్నగారికి ఫోన్ చేశాను. ఇప్పుడాయనకు చెవి సరిగా వినపడదు, గట్టిగా అరిచి చెప్పాలి. కథంతా విన్నారు. ఆవిడ ఏమి రాశారని అడగలేదు.

"మూడు నిమిషాలు కాగానే లైను తెంపలేదు కదా?" అన్నారు.

"లేదు నాన్నగారూ, లెక్క ముందే తీసేశాను."

"మంచి పని చేశావు" అని ఫోన్ పెట్టేశారు.