వారాలూ, హాస్టళ్ళూ

వారాలబ్బాయి అంటే ఎవరో యీనాటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. చెబితే నవ్వుతారు కూడాను. పల్లెటూరినుంచి పట్నానికి చదువుకోసం వచ్చిన బీదకుర్రవాడు వారంలో ఏడురోజులకూ ఏడిళ్ళు కుదుర్చుకుని, రోజుకొక యింట్లో భోజనం చేసేవాడు. మా నాన్నగారు గుంటూరులో అలాగే చదువుకున్నారు. 1930ల నాటి మాట. సోమవారం ఒక ప్లీడరుగారిల్లు, మంగళవారం ఒక వైద్యులవారిల్లు, బుధవారం బడిపంతులుగారిల్లు. అన్నిటికన్నా చిక్కు శనివారంతో వచ్చేదట. ఆ యింటివారికి శనివారం రాత్రి భోజనం లేదు. కాస్త వుప్పుడుపిండో, రెండు అరటిపళ్ళో. పదిహేనేళ్ళ కుర్రవాడికి అవి ఏ మూలకు? "వేంకటేశ్వరస్వామికి నా ఆకలి సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు" అని ముసలితనంలో కూడా అనేవారు నాన్నగారు.

ఆ వారాలను పొగుడుదామని కాదు నేను మొదలుపెట్టింది. తిన్నందుకు ఆ యింటి పిల్లలకు ఎక్కాలు చెప్పాలి, సంతకు వెళ్ళి కూరలు తేవాలి, బావిలో నీళ్ళు తోడాలి. పెట్టేచెయ్యి ఎంత మంచిదైనా విస్తరి ముందు కూర్చున్నవాడి తల వంగే వుండేది. పైగా ఆ ఏడిళ్ళ తలుపులూ ఒక కులపు పిల్లలకే తెరుచుకునేవి. తక్కినవారిలో స్తోమతు వున్న కులాలవారు చందాలు వేసుకుని పట్నాల్లో తమ తమ పిల్లలకు హాస్టళ్ళు కట్టించుకున్నారు. కొందరు పిల్లల్ని మిషనరీల బోర్డింగు బళ్ళు చేరదీశాయి. ఏ గుమ్మమూ తెరుచుకోనివాడు వూళ్ళోనే గొడ్లవెంట వుండిపోయాడు. వాడి తెలివితేటలెన్నో లెక్కకట్టినవారు లేరు.

అయితే ఒక్క సంగతి మాత్రం నాన్నగారు చెప్పగా విన్నది మరిచిపోలేను. బుధవారం పిల్లవాడు భోజనానికి రాకపోతే బుధవారపు యింటి యిల్లాలు వూరుకునేది కాదు. "ఏమయ్యిందిరా ఆ అబ్బాయికి? జ్వరమేమో చూసిరా" అని మనిషిని పంపేది. అంటే, వారంలో ఏ రోజున పిల్లవాడు మంచమెక్కినా, ఆ పూట వాడు కనబడలేదని గమనించే మనిషి ఒకరుండేవారన్నమాట.

మన ప్రాంతానికి చదువు, తిండి అనే రెండు ముక్కలూ విడదీయరానివి. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆయన పైచదువుకు దారి చూపినది యిమ్మనేని హనుమంతరావునాయుడుగారనే ఉపాధ్యాయుడు. ఒక తల్లి వండిన అన్నం, ఒక మాస్టారి పూనిక, ఆనాటి విద్యార్థి సహాయశాఖ అంతా అదే. తరువాత 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చింది. బెజవాడలో పుట్టి వాల్తేరు చేరింది. గుంటూరు జిల్లా పిల్లలు ఎం.ఏ. చదవాలంటే రైలెక్కవలసిందే. 1976లో నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఆ ప్రయాణం బాగా తగ్గింది.

ఇక మా తుళ్లూరు సంగతి. పత్తిచేలకూ, మిరపచేలకూ పేరు గాని, చదువులకు మా వూరి పేరు ఎవరూ చెప్పుకోలేదు. 2014లో రాజధాని అన్నారు. 29 గ్రామాల రైతులు 33,000 ఎకరాల పైచిలుకు భూమిని సమీకరణకింద యిచ్చారు. 2017లో మా మండలంలోనే యినవోలు దగ్గర విట్ విశ్వవిద్యాలయమూ, పక్కన మంగళగిరి మండలంలో నీరుకొండ దగ్గర ఎస్.ఆర్.ఎం. విశ్వవిద్యాలయమూ తరగతులు మొదలుపెట్టాయి. ఆ నల్లరేగడి మీద, వానొస్తే చెప్పు వూడి వచ్చే ఆ నేలమీద, అద్దాల మేడలు లేచాయి. తరువాత 2019లో రాజధాని మాట అటూ యిటూ అయి, వూళ్ళకు వూళ్ళు ఏళ్ళతరబడి శిబిరాల్లో కూర్చున్నాయి. ఆ గొడవల్లో కూడా బస్సులనిండా పిల్లలు వస్తూనే వున్నారు. బీహారు, బెంగాలు, ఢిల్లీ, కేరళ. మా కిరాణాకొట్టతను హిందీలో బేరం నేర్చాడు. ఆ పిల్లలు మాత్రం మన పచ్చిమిరపకాయ బజ్జీ దగ్గరే ఓడిపోయారు.

మా మేడమీద రెండు గదులున్నాయి. 2025 సంక్రాంతి వెళ్ళాక ముగ్గురు విద్యార్థులు అద్దెకు వచ్చారు. ముగ్గురూ దగ్గరలోని ఒక యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. హాస్టలు ఖర్చు భరించలేక బయటికి వచ్చినవారు. ఒకడు విశాఖపట్నం వైపువాడు, ఒకడు బీహారువాడు, మూడోవాడు దర్శి వైపు మిరపరైతు కొడుకు. బీహారు అబ్బాయి మొదట నేర్చిన తెలుగుముక్క "అండి". దాన్ని ప్రతి మాటకూ తగిలించేవాడు. "నీళ్ళండి రాలేదండి మామ్మగారండి" అనేవాడు. నవ్వకుండా వుండటం కష్టమయ్యేది.

మా వీధిలోని ఒకావిడ వాళ్ళకు క్యారేజీలు పంపేది. ఖాళీ క్యారేజీలు మా మెట్లమీద పెడితే సాయంత్రం ఆవిడ మనిషి పట్టుకుపోతాడు. ఫిబ్రవరి నెలలో ఒక క్యారేజీ బరువుగా వుంటున్నదని నేను గమనించాను. రెండురోజులు చూశాను. మూడోరోజు మూత తీశాను. అన్నం అన్నంలాగే వున్నది, పప్పు పప్పులాగే వున్నది. ఆ క్యారేజీ దర్శి అబ్బాయిది.

అడిగితే "ఆకలిగా లేదండీ మామ్మగారూ" అన్నాడు. పగలల్లా పడుకుంటాడు, రాత్రి రెండింటికి పైన అడుగుల చప్పుడు. నేను ఏమడిగినా వాడినోట ఒకటే జవాబు. చివరికి అసలు సంగతి బీహారువాడే దిగివచ్చి చెప్పాడు: "వాడు కాలేజీకి రావటంలేదండి, పదిహేను రోజులండి."

ఆ అబ్బాయి పదోతరగతి దాకా తెలుగు మీడియం. తరువాత రెండేళ్ళు ఒక యింటర్మీడియెట్ కాలేజీ హాస్టల్లో పెట్టారు. అక్కడ ఎప్పుడు లేవాలో, ఎప్పుడు స్నానం చెయ్యాలో, ఎప్పుడు కళ్ళు మూసుకోవాలో కూడా గంట కొట్టి చెబుతారు. అక్కడినుంచి తెచ్చి విశ్వవిద్యాలయంలో వదిలితే గంట కొట్టేవాళ్ళు లేరు. పాఠాలన్నీ ఇంగ్లీషు, గదిలో హిందీ. మొదటి సెమిస్టరులో మూడు పేపర్లు తప్పాడు. ఇంట్లో చెప్పలేదు. చెబుదామనుకున్న వారంలోనే తండ్రి ఫోను చేసి, మిరప ధర పడిపోయిందనీ, రెండో విడత ఫీజు కొంచెం ఆలస్యమవుతుందనీ అన్నాడట. ఆ ఏడు గుంటూరు యార్డులో ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక ధర ప్రకటించి ఆదుకుంటానన్నది. అంతకు మూడేళ్ళ ముందే నల్లతామర పురుగు వచ్చి పంటలు తుడిచిపెట్టింది. తండ్రి ఆ గొంతుతో మాట్లాడాక యిక వీడు "నాన్నా, తప్పాను" అని ఎలా అంటాడు?

విశ్వవిద్యాలయాల్లో యీ పిల్లలకోసం ఏమీ లేదా అంటే, వున్నది. ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. యిరవైమంది ముప్ఫైమంది విద్యార్థులకొక అధ్యాపకుణ్ణి మెంటరని నియమిస్తారు. ఆరోగ్యకేంద్రం వుంటుంది, మనస్తత్వం తెలిసిన కౌన్సెలరు వుంటుంది. చేరినరోజున చేతికిచ్చే రంగురంగుల పుస్తకంలో యివన్నీ అచ్చువేసే వుంటాయి. ఆ పుస్తకం మా అబ్బాయి పెట్టెలో అడుగున వుంది. పైన బట్టలున్నాయి. సహాయం వున్నదని తెలియటం వేరు, వెళ్ళి తలుపు తట్టటం వేరు. ఆ గది ఆఫీసు వరండాలో, ఫీజుకట్టే వరుసకు ఎదురుగా పెట్టారట. ఇరవైమంది చూస్తూవుండగా ఆ గుమ్మంలో కాలుపెట్టేది ఎవరు? మందుల కొట్టునూ, జిరాక్సు మిషన్నూ వరండాలో పెట్టవచ్చుగాని, దుఃఖం చెప్పుకునే గది కాస్త చెట్టుచాటున వుండాలని ఆ భవనం గీసినవారికి తోచలేదు.

"అక్కడికెళితే యింటికి రాస్తారండీ. పిచ్చివాడని ముద్ర వేస్తారండీ," అన్నాడు మా అబ్బాయి. వెళ్ళమని నేనంటే వెళ్ళలేదు. విశాఖ అబ్బాయి అన్నా వెళ్ళలేదు. బీహారువాడు మాత్రం ఏమీ అనలేదు. ఒక పొద్దున తానే స్నానం చేసి, వాడి చొక్కా కూడా తీసి మంచంమీద పడేసి, "నాకండి పని వుందండి, తోడు రావాలండి" అని లాక్కుపోయాడు. వాడికేం పని వుందో నేనడగలేదు.

మధ్యాహ్నం యిద్దరూ తిరిగివచ్చారు. "ఏమందిరా ఆవిడ?" అన్నాను. "ఏమీ అనలేదండీ. వింది," అన్నాడు. మొట్టమొదటే చెప్పిందట: నువ్వు చెప్పినది యీ గది దాటదు, నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం నేను ఒక్కదాన్నే దాచుకోను, అని. ఆ రెండోముక్క విని వీడు ఏడ్చాడట. నేనూ ఆ తరువాత మరేమీ అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి పెరుగన్నం కలిపి యిచ్చాను. సగం తిన్నాడు.

తరువాత జరిగినవన్నీ చిన్న చిన్న పనులే. ఆవిడ మెంటరు మాస్టారితో మాట్లాడింది, వీణ్ణి అడిగే. ఆయన ఫీజు రెండు వాయిదాలుగా కట్టేందుకు దరఖాస్తు రాయించాడు. తప్పిన పేపర్లు ఎప్పుడు ఏది రాయాలో కాగితంమీద వేసి యిచ్చాడు. సాయంత్రాలు ఒక మూడో సంవత్సరం అమ్మాయి, తనూ తెలుగు మీడియంనుంచి వచ్చినదే, కింది తరగతివాళ్ళకు లెక్కలు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయిస్తుంది, అక్కడ కూర్చోబెట్టారు. ఆ అమ్మాయికి దీనికి జీతమేమీ లేదు. నా లెక్కలో ఆ యూనివర్సిటీ మొత్తంమీద ఎక్కువ జీతం యివ్వవలసింది ఆ పిల్లకే.

ఆ జులైలోనే, 25వ తేదీన, సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని విషయమై వచ్చిన కేసు అది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హతగల కౌన్సెలరు ఒకరైనా వుండి తీరాలన్నది. 2022 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని సర్కారు లెక్క. పేపరులో ఆ అంకె చదివి నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. పైన ముగ్గురూ క్రికెట్టు చూస్తూ అరుస్తున్నారు. ఆ అరుపులకు ఎప్పుడూ విసుక్కునేదాన్ని, ఆ రోజు విసుక్కోలేదు.

దీపావళి వెళ్ళాక అబ్బాయి తండ్రి వచ్చాడు. సంచిలో కందిపప్పు తెచ్చాడు. తప్పిన మూడింటిలో రెండు గట్టెక్కాయనీ, ఒకటి మిగిలిందనీ కొడుకు అంతకుముందే ఫోనులో చెప్పివున్నాడు. కౌన్సెలింగుకు వెళ్ళిన సంగతి కూడా చెప్పాడట. ఆయన అరుగుమీద కూర్చుని మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి నన్నడిగాడు:

"కౌన్సెలింగంటే అప్పుడే అయిపోయిందిగదమ్మా? సీటు కూడా వచ్చిందిగదా. మళ్ళీ ఎందుకెళ్ళాడు వీడు? సీటుకేమన్నా యిబ్బందొచ్చిందా?"

ఆయన తప్పేమీ లేదు. మన రాష్ట్రంలో కౌన్సెలింగంటే ఎంసెట్ రాంకులూ, ఆప్షన్లూ, సీట్లే. 2021లో పరీక్ష పేరు ఈఏపీసెట్ అని మార్చినా ఆ మాట అర్థం మారలేదు. నేను నాకు తెలిసినంతలో చెప్పాను. మనసు బాగాలేనప్పుడు చెప్పుకునే చోటు అన్నాను. వినటానికి చదువుకున్న మనిషి వుంటుందనీ, అది జబ్బూ కాదు, తప్పూ కాదనీ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నిరుటి మిరప టిక్కీలు శీతల గిడ్డంగిలోనే వున్నాయనీ, ధర వస్తుందేమోనని వుంచితే అద్దె పెరుగుతున్నదనీ, ఈ ఏడు కౌలు అప్పుచేసి కట్టాననీ చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. తరువాత మేడవైపు ఒకసారి చూసి అన్నాడు:

"పెద్దవాళ్ళక్కూడా చూస్తారామ్మా అక్కడ?"

అక్కడ విద్యార్థులకే చూస్తారు. కాని 2022 అక్టోబరునుంచి టెలీమానస్ అని కేంద్రప్రభుత్వం ఒకటి నడుపుతున్నది. 14416కు ఎవరైనా ఫోను చెయ్యవచ్చు, రాత్రైనా పగలైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు లేదు. ఆ సంగతి చెప్పాను. ఆయన చొక్కాజేబులోనుంచి ఫోను తీసి, నాకివ్వబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో మేడమెట్ల వైపు తిరిగి కొడుకును పిలిచాడు.

"ఒరేయ్, కిందికి రా. ఈ నంబరు ఎక్కించిపెట్టు."