ముసలి చుక్కల కొలిమి

దీపావళి మతాబుల్లో ఆ ఎర్రటి వెలుగు స్ట్రాన్షియంది. కారు బ్యాటరీ ఎత్తబోతే నడుము పట్టేసే బరువు సీసానిది. ఇవన్నీ భూమిలో తవ్వితే దొరుకుతాయి, సరే. మరి భూమికెలా వచ్చాయి? చాలావరకు ముసలి నక్షత్రాల సంపాదన అంటారు శాస్త్రవేత్తలు.

వయసులో ఉన్న నక్షత్రం హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూ వెలుగుతుంది. నడిబొడ్డున ఆ సరుకు అయిపోయాక ఉబ్బి, ఎర్రబడి అరుణ మహాతార అవుతుంది. మనం ఇక దాని పని అయిపోయిందనుకుంటాం. అసలు పని అప్పుడే మొదలవుతుంది. లోపలి పొరల్లో న్యూట్రాన్లు పుడతాయి. వాటికి విద్యుదావేశం లేదు కాబట్టి పరమాణు కేంద్రకం వాటిని తోసెయ్యదు. పాత తరం నక్షత్రాల నుంచి వారసత్వంగా వచ్చిన ఇనుప కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను మింగుతుంది. చాలాకాలం ఆగి ఇంకొకటి. మధ్యలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారిందంటే మూలకమే మారిపోతుంది. అలా మెట్టు మెట్టుగా స్ట్రాన్షియం, జిర్కోనియం, బేరియం, చివరికి సీసం. ఒక్కో మెట్టుకు ఏళ్లకేళ్లు పట్టొచ్చు. ఇనుముకన్నా బరువైన మూలకాల్లో దాదాపు సగం ఈ నిదానపు పనివల్లే వచ్చాయి. బంగారం చాలావరకు అలా కాదు, దానికి న్యూట్రాన్ల కుంభవృష్టి కావాలి. అలాంటి ఒక సందర్భాన్ని, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడాన్ని, 2017లో చూడగలిగారు.

ఎక్కడో చుక్క కడుపులో జరిగేది మనకెలా తెలిసింది? టెక్నీషియం పట్టిచ్చింది. ఇటలీలో 1937లో గుర్తించిన, మనిషి చేతిలో తయారైన తొలి మూలకమది. నిలకడ లేనిది. ఎంత గట్టి రకమైనా సుమారు 42 లక్షల ఏళ్లలో సగం కరిగిపోతుంది. అలాంటిదాని జాడ 1952లో పాల్ మెరిల్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్తకు కొన్ని ఎర్రటి ముసలి నక్షత్రాల వెలుగులో కనిపించింది. కోట్ల ఏళ్ల వయసున్న చుక్కలో పుట్టుకతో వచ్చిన టెక్నీషియం మిగలదు. అంటే అక్కడే, ఈమధ్యనే తయారై, మరిగే పప్పులో అడుగుది పైకి తేలినట్టు పైకొచ్చిందన్నమాట.

ఈ పేరు నేను మొదట చూసింది ఆస్పత్రి కాగితంలో. రెండేళ్ల క్రితం మా అమ్మకు బోన్ స్కాన్ రాశారు. చేతి నరానికి సూది వేసి, బాగా నీళ్లు తాగి మూడు గంటలు కూర్చోమన్నారు. ఆ మూడు గంటలూ మాకు గడవలేదు. ''ఈ వయసులో నాకెందుకురా ఇంత ఖర్చు? ఇంక దేనికి పనికొస్తానని?'' అని అమ్మ ఒకటే గొణుగుడు. ఊరుకోబెట్టడానికి ఈ కథంతా చెప్పాను. ఆవిడకు ఎక్కించిన మందు రియాక్టర్ పుణ్యమే. కానీ 6 గంటలకు సగం చొప్పున అది మారిపోయేది, చుక్కల్లో తయారయ్యే ఆ టెక్నీషియం రకంగానే. అంతా విని, ''ముసలివయ్యాక కూడా పనేనా వాటికి?'' అని నవ్వింది. రిపోర్టులో మోకాళ్ల అరుగుదల తప్ప ఇంకేమీ రాలేదు.

ఇలాంటి చుక్కను చూడాలనుంటే చలికాలం సాయంత్రాల్లో తిమింగలం రాశిలో మీరాను వెతకండి. సుమారు 332 రోజులకోసారి ప్రకాశం పెరిగి కొన్ని వారాలు మామూలు కంటికే కనిపిస్తుంది, తర్వాత మాయమవుతుంది. దాని వెనక 13 కాంతి సంవత్సరాల పొడవున తోక ఉందని 2007లో నాసా ఉపగ్రహం గేలెక్స్ చూపించింది. సుమారు 30 వేల ఏళ్లుగా మీరా దారిపొడుగునా వదులుతూ వచ్చిన పదార్థమది. అదంతా మెల్లగా ఆకాశంలోని ధూళి మేఘాల్లో కలుస్తుంది. ఇంకా పుట్టని సూర్యుళ్లకు, భూములకు అదే ముడిసరుకు.