చెరిపేయని మేడలు

పదో తరగతిలో మామయ్య ఇచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ నా మొదటి కెమెరా. రీలుకు 12 ఫోటోలే. మీట నొక్కే ముందు పదిసార్లు ఆలోచించేవాణ్ని. తర్వాత చదువు, ప్రయోగశాల ఉద్యోగం, పిల్లల ఫీజులు... కెమెరా బీరువా ఎక్కింది. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపులోంచే లోకాన్ని చూశాను.

రిటైరయ్యాక డిజిటల్ కెమెరా కొంటే, ‘ఈ వయసులో ఇదేం పిచ్చండీ’ అంది మా ఆవిడ. అయినా తెల్లారకముందే ఫ్లాస్కులో టీ పోసిచ్చేది తనే. నేలపట్టు గూడబాతుల కోసం, పులికాట్ రాజహంసల కోసం ఊళ్లు తిరిగాను. మనసు నిలిచింది మాత్రం ఇంటికి దగ్గర్లోనే. మా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ కూడలి దాటి విజయవాడ దారిలో కాస్త వెళితే, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. 1994లో జాతీయ పార్కు అయింది. 3,605 ఎకరాలు. కృష్ణజింకల ఇల్లు.

ఓ పొద్దున అక్కడ గంటన్నర కదలకుండా కూర్చున్నాను. నల్లని మగజింక ఒకటి మెలితిరిగిన కొమ్ములెత్తి నిలబడింది. దాని వెనక, దూరంగా అపార్టుమెంట్ల వరుస.

ఇంటికొచ్చి చూపిస్తే, ‘ఆ మేడలు కంప్యూటర్లో చెరిపేద్దాం నాన్నా, పోటీకి పంపొచ్చు’ అన్నాడు అబ్బాయి. నిజమే, ఫోటో ఇంకా అందంగా ఉండేది. నాకు చెయ్యి రాలేదు. ప్రయోగంలో నచ్చని అంకె వచ్చినా కొట్టేయకూడదని కుర్రాళ్లకు ఏళ్లతరబడి చెప్పినవాణ్ని. ఆ జింక బతుకుతున్నది ఆ మేడల పక్కనే. వాటిని తీసేస్తే అది దొంగలెక్కే.

అలాగే పంపాను. బహుమతి రాలేదు. ఫోటో మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లు మేడల వైపే చూసి, ‘ఇది మన ఎల్బీనగర్ దగ్గరేనా?’ అంటారు.

అవునండీ, మన ఎల్బీనగర్ దగ్గరే.