లాస్ వెంతాస్‌లో ఆరు ఆబోతులు

మాడ్రిడ్‌లో చదువుకునే రోజుల్లో, నాతో చదివే అమ్మాయి వాళ్ల తాతగారు నన్ను ఎద్దుల పోరుకు పిలిచారు. మనవరాలు రానని తెగేసి చెప్పడంతో ఆ టికెట్ నాకొచ్చింది. మే నెల, శాన్ ఇసిద్రో ఉత్సవాలు. 1931లో తెరిచిన లాస్ వెంతాస్ పోరు మైదానంలో సుమారు 23,000 మంది పడతారు. నీడవైపు రాతి మెట్ల మీద కూర్చున్నాం. ముగ్గురు మతదోర్లు, ఆరు ఆబోతులు. ఒక్కొక్కరు రెండేసి చంపాలి.

మాది ప్రకాశం జిల్లా. ఒంగోలు గిత్తల మధ్య పెరిగాను. మొదటి ఆబోతు ఇసుకలోకి దూసుకొచ్చినప్పుడు నా ఒళ్లు పులకరించింది. నిగనిగలాడే నల్లటి చర్మం, ఎత్తిన తల, అయిదు వందల కిలోలు దాటిన బరువు.

ఆ తల దించడానికే తర్వాతి పనులన్నీ. గుర్రం మీద వచ్చిన పికదోర్ పొడవాటి ఈటెతో మెడ వెనకున్న కండలో పొడిచాడు. గుర్రానికి కళ్లకు గంతలు, ఒంటికి మందపాటి మెత్తలు. ఆ మెత్తలు 1928లో తప్పనిసరి చేశారనీ, అంతకుముందు గుర్రాల పేగులు బయటపడేవనీ పెద్దాయన చెప్పారు. ఆబోతు గుర్రాన్ని నెడుతున్నంతసేపూ ఈటె లోపలికి దిగుతూనే ఉంది. తర్వాత ముళ్లున్న రంగు కర్రలను జతలు జతలుగా మూపు మీద గుచ్చారు. అది పరిగెత్తినప్పుడల్లా అవి ఊగి గాయాన్ని కెలికేవి. రక్తం ముంగాళ్ల దాకా కారింది. డొక్కలు ఎగిసిపడ్డాయి. తల వాలిపోయింది.

అప్పుడు ఎర్రగుడ్డతో మతదోర్ వచ్చాడు. కొమ్ము అతని పొట్టకు బెత్తెడు దూరంలో సాగిపోతుంటే జనమంతా ‘ఓలే’ అన్నారు. అతని ధైర్యం అబద్ధం కాదు, కళ్లారా చూశాను.

రెండో ఆబోతు దగ్గర మతదోర్ కత్తి ఎముకకు తగిలి ఎగిరిపడింది. మళ్లీ పొడిచాడు, మళ్లీ తప్పింది. మూడోసారి సగం దిగింది. ఆబోతు రక్తం కక్కుతూ చెక్కగోడ వెంట నడిచి, పడిపోకుండా గోడకే ఆనుకుంది. జనం కోపంగా ఈలలు వేశారు. ఆ కోపం మతదోర్ పనితనం మీద. చివరికి చిన్న బాకుతో తల వెనక పొడిచి ప్రాణం తీశారు. కంచరగాడిదలు కళేబరాన్ని ఈడ్చుకెళ్లాయి. పనివాళ్లు ఇసుక చదును చేశారు. బూర మోగింది. మూడోది వచ్చింది.

నాకు కడుపులో తిప్పింది, చేతులు చల్లబడ్డాయి. పెద్దాయన నీళ్లిచ్చి, “ఇది నాలుగేళ్లు పచ్చికలో స్వేచ్ఛగా బతికింది బాబూ. మనం తినే మాంసం ఏ ఇరుకు కొట్టంలోంచి వస్తోందో ఎప్పుడైనా ఆలోచించావా?” అన్నారు. మనస్ఫూర్తిగా అడిగారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన పక్కనే ఆరూ చచ్చేదాకా కూర్చున్నాను.

ఇప్పుడు చెబుతాను. ఆ నాలుగేళ్ల బతుకు నిజమే. దానికి వెలగా ఆ చావు కట్టించుకోవడం మాత్రం న్యాయం కాదు. కొట్టంలోని పశువు కష్టం ఈ పశువు నొప్పిని తగ్గించదు. ఈ మాట అక్కడివాళ్లే ఎందరో అంటున్నారు. 2010లో స్పెయిన్‌లోని కాతలోనియా ప్రాంత పార్లమెంటు ఈ పోరును నిషేధించింది. 2016లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. అది కళ అంటే నేను వాదించను, కళే కావచ్చు. ఒక ప్రాణిని అంచెలంచెలుగా, చప్పట్ల మధ్య చంపితే తప్ప పుట్టని కళ మనిషికి అక్కర్లేదు. చూసి చెబుతున్నాను.