తిరిగొచ్చే రుజువు

జూన్ 2, 2025, సోమవారం

మధ్యాహ్నం 3.10కి రాజీనామా పంపాను. నాలుగు లైన్లు. మూడేళ్ళుగా డ్రాఫ్టుల్లో పడున్నవే, ఇవాళ తేదీ మార్చానంతే. పంపిన మరుక్షణం ఏం చేశాను? ఒక సప్లయర్ బిల్లులో జీఎస్‌టీ తేడా ఎక్కడొచ్చిందో వెతుక్కుంటూ కూర్చున్నాను. దొరికింది కూడా.

మార్చిలో ఏడాది సెలవే అడిగాను, జీతం లేకుండా. పాలసీలో లేదన్నారు. లేదని నాకూ తెలుసు. ఆ పాలసీ కాగితాలు ఫైల్ చేసింది నేనే.

నోటీసు 90 రోజులు. లెక్కేస్తే ఆగస్టు 31, ఆదివారం. అంటే 29 శుక్రవారం ఆఖరు.

జూన్ 5

ఇరవై ఒక్కేళ్ళు మంది లెక్కలు తేల్చాను, ఈ రాత్రి నావి తేల్చుకున్నాను. చేరింది 2004 జనవరి 19. సర్వీసు 21 ఏళ్ళ ఏడు నెలలు. గ్రాట్యుటీలో ఆరు నెలలు దాటితే నిండు ఏడాదే కాబట్టి 22. బేసిక్ 62,400. దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే 36,000. ఇరవై రెండేళ్ళకి 7,92,000. ఇరవై లక్షల లోపే గనక పన్ను లేదు. ఇంత తేలిగ్గా భాగం పోయే బేసిక్ నాదే అవడం చూసి నవ్వొచ్చింది.

పీఎఫ్ వేరే. అందులో పెన్షన్‌కి పోయే వాటా 2014 సెప్టెంబర్ నుంచీ నెలకి 1,250 రూపాయలే. జీతం ఎంతున్నా 15,000 మీదే లెక్క. పదేళ్ళ సర్వీసు దాటింది కాబట్టి 58 నిండాక ఏదో వస్తుంది. దాంతో నెల నెలా పాల ఖాతా తీర్చుకోవచ్చు.

అసలు గుండెలో రాయి పడింది వేరే చోట. ఆఖరి పనిరోజుతో గ్రూపు బీమా ఆగిపోతుంది. అందులో అమ్మ కూడా ఉంది. 74 ఏళ్ళు, బీపీ. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కి టికెట్ ధరలు వంద సార్లు చూసిన మనిషిని, ఈ ఒక్క సంగతీ ఇవాళ్టిదాకా చూడలేదు. రేపు పొద్దున్నే మొదటి ఫోన్ దాని గురించే.

జూన్ 8, ఆదివారం

అమ్మకి చెప్పాను. తమ్ముడు ముందే చెప్పేసి ఉంటాడు, ఆశ్చర్యపోయినట్టు నటించలేదు.

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు. అక్టోబర్‌లో వెళ్తే మార్చి ఆఖరికి వచ్చేస్తాను."

"ఉద్యోగం ఉంటే సెలవైపోగానే వస్తావని ఉండేది. ఇప్పుడు నిన్ను రమ్మనేదెవరు?"

జవాబు తోచలేదు. కాసేపటికి ఆవిడే రంగం పోయిన పెదతాత కథ ఎత్తింది. అమ్మ వాళ్ళ తాతగారి అన్న. కాకినాడలో ఓడెక్కి రంగూన్ పోయాడు. మా వైపు ఆ ఊరిని రంగం అనే అంటారు. మొదట్లో రెండు సార్లు డబ్బొచ్చింది, తర్వాత ఏమీ లేదు. ఆయన భార్య చివరిదాకా బొట్టు తియ్యలేదట, పోయాడన్న కబురు రాలేదు కాబట్టి. ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఎప్పుడూ ఆయన వైపు నుంచి విన్నాను, ఓడ, సముద్రం, కొత్త ఊరు. ఇవాళ అమ్మ ఆ బొట్టు దగ్గర ఆగింది.

నాకూ ముందు రంగమే చూడాలని ఉండేది. 2021 నుంచి అక్కడ జరుగుతున్న యుద్ధం చూస్తూ ఆ మాట ఎత్తడానికి మనసొప్పలేదు.

జూన్ 21

ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. లిఫ్టులో ఒకాయన "కెనడాయేనా మేడమ్?" అన్నాడు. స్టోర్స్ కుర్రాడు "పెళ్ళి కుదిరిందా అక్కా?" అని సంతోషంగా అడిగాడు. నాకు నలభై ఏడు. ఊరికే తిరగడానికి అంటే ఎవరూ నమ్మరు. వైద్యం కోసమైనా అయ్యుండాలి, వేరే కంపెనీ అయినా అయ్యుండాలి.

జులై 10

నారాయణగూడ, ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎల్లో ఫీవర్ టీకా. డర్బన్‌కి నేరుగా వెళ్ళడానికి అక్కర్లేదు. ఆ తర్వాత కెన్యా ఉంది. అక్కణ్ణుంచి టాంజానియాలో దిగినా, మారిషస్‌లో దిగినా, చివరికి మన దేశంలో దిగినా పసుపు కార్డు చూపించాలి. వేయించుకున్న పదో రోజు నుంచి చెల్లుతుంది. 2016 నుంచి ఒక్క డోసు జీవితాంతానికీ సరిపోతుంది.

"గుడ్డు తింటే ఏమైనా అవుతుందా?" అని అడిగారు. ఈ టీకాని కోడిగుడ్ల పిండాల్లో పెంచుతారు, అందుకని. నా వెనకాయన "మేం ముట్టమండి" అన్నాడు గర్వంగా. అడిగింది అది కాదని ఆయనకి అర్థమయ్యేలా చెప్పేసరికి లైనంతా నవ్వులు.

నా పక్కన కూర్చున్న పాతికేళ్ళ అబ్బాయి టాంజానియాలో గిడ్డంగి పనికి వెళ్తున్నాడు. రెండేళ్ళ కాంట్రాక్టు, వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. మీరెందుకు వెళ్తున్నారని అడిగాడు ఆ పెద్దాయన. చూడ్డానికని చెప్పాను. "మంచిదమ్మా" అన్నాడు గానీ, చూపు కొడుకు మీదే ఉంది.

జులై 13, ఆదివారం

దారి ఎందుకిలా అని మరదలు అడిగింది. యూరప్ అనో, కనీసం సింగపూర్ అనో అంటాననుకుందిట. ఆమెకి చెప్పిన జవాబు ఇక్కడా రాసి పెట్టుకుంటాను.

మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. చెరకు తోటల్లోకి ఒప్పంద కూలీలుగా నాటాల్‌కి వెళ్ళిన మొదటి ఓడ అదే. ఆ రవాణా 1911లో ఆగేనాటికి లక్షన్నర మందికి పైగా వెళ్ళారు. అందులో మన కోస్తా వాళ్ళూ ఉన్నారు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాసుకున్నారు. ఎవరెప్పుడు తిరిగొస్తారో ఏ గడిలోనూ ఉండదు. ఈ నవంబర్ 16కి నేను డర్బన్‌లో ఉండాలి.

ఆఖరి మజిలీ మారిషస్. అక్కడ తెలుగువాళ్ళని కొరింగీలనేవారు, మా కోరంగి రేవు పేరు మీద. కాకినాడ నుంచి యానాం వెళ్తుంటే దారిలో తగిలే, మడ అడవులు చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళే ఆ ఊరే. ఉగాది అక్కడ సెలవు. వచ్చే ఉగాది మార్చి 19.

ఇంత చెప్పాక మరదలు "అయితే చుట్టాలింటికే వెళ్తున్నారన్నమాట, వదినా" అంది. అమ్మకి ఆ మాట నచ్చింది.

ఆగస్టు 6

దక్షిణాఫ్రికా వీసా కేంద్రం. టికెట్లు, హోటల్ కాగితాలు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, అన్నీ వరుసగా పెట్టాను. కౌంటర్లో అమ్మాయి వేళ్ళతో తిప్పి "ఎంప్లాయర్ లెటర్ ఏది మేడమ్? సెలవు మంజూరైనట్టు ఉండాలి" అంది.

సెలవు మంజూరు కాకపోబట్టే కదా ఇక్కడున్నాను.

నోటీసులో ఉన్నానని చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, "ఇంకా జీతం పడుతోంది కదా, ఆ రాజీనామా మాట లేకుండా తెచ్చుకోండి" అంది మంచికే. పద్దులు రాసినదాన్ని, అలాంటి మంచి మాటలు చాలా విన్నాను. సగం నిజం చెప్పే కాగితం మొత్తం అబద్ధమాడే కాగితం కన్నా ఎక్కువ పని పెడుతుంది, ఆడిట్‌లో.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

ఎవరింటికీ పేరంటానికి వెళ్ళలేదు. తిరిగొస్తానని ఒక ప్రభుత్వానికి ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. ఫ్లాట్ కాగితాలు, డిపాజిట్లు, తిరుగు టికెట్టు, తల్లి. తల్లి అన్నచోట ఆగిపోయాను. పక్కన ఏం జతచెయ్యాలి? అమ్మ ఆధార్ కాపీ పెట్టాను.

ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరి మరుసటి ఏడు సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలు, వెంట పెద్ద పరివారం. అంత తిరిగినవాడూ ఉద్యోగం వదల్లేదు, సెలవు మీదే వెళ్ళాడు. కంపెనీ దొరల కాలంలో దొరికిన సెలవు నాకు దొరకలేదని ఒక్క క్షణం ఒళ్ళు మండింది.

ఆగస్టు 29, శుక్రవారం

కేకు, శాలువా, పెన్నుల సెట్టు. ఐడీ కార్డు తీసుకుని రసీదు ఇచ్చారు. గేటు దాటాక తాళాల గుత్తిలో నా సొరుగు తాళం చెవి కనబడి మళ్ళీ వెనక్కెళ్ళాను. కార్డు లేదుగా, సెక్యూరిటీ అతను విజిటర్ పుస్తకం తీశాడు. రోజూ నమస్తే పెట్టే మనిషే. పేరు, ఫోను రాశాను. "ఎక్కడి నుంచి వచ్చారు" అన్న గడిలో ఏం రాయాలో అతనే చెప్పాడు: "హోమ్ అని రాయండి మేడమ్."

సెప్టెంబర్ 1

5.40కి మెలకువ. కంపెనీ బస్సుకి ఇంకా యాభై నిమిషాలు. మళ్ళీ పడుకోవడానికి ప్రయత్నించి, కుదరక, బియ్యం డబ్బా కడిగాను.

సెప్టెంబర్ 4

పాస్‌పోర్టు వచ్చింది. వీసా వేశారు, 90 రోజులు. తల్లి పనికొచ్చిందో, డిపాజిట్లు పనికొచ్చాయో తెలీదు.

సెప్టెంబర్ 7, ఆదివారం, కాకినాడ

రాత్రి చంద్రగ్రహణం. పట్టేది పదింటికైనా అమ్మ సాయంత్రం ఆరు కాకుండానే అందరికీ పెట్టేసింది. బీమా కొత్త పాలసీ కాగితం చూపిస్తే "నీ దగ్గరే ఉంచు" అంది. తిరుగు టికెట్టు మాత్రం అడిగి తీసుకుంది. మార్చి 27 అన్న చోట వేలు పెట్టి చూసింది.

"ఇది మార్చుకోవచ్చా?"

"డబ్బు కడితే మార్చుకోవచ్చు."

"ఊఁ" అని మడిచి నా చేతికిచ్చేసింది. వంటింట్లోకి వెళ్ళి దర్భలు తీసింది.

"ఫిబ్రవరిలో మిరపకాయలు కొని ఎండబెట్టిస్తాను. మేలో కాయ నువ్వే కొట్టాలి. మీ తమ్ముడు కొడితే సగం ముక్కలకి టెంక ఉండదు" అంది, నా వైపు చూడకుండా. ఆవకాయ జాడీ మీద ఒక దర్భ, మంచినీళ్ళ బిందె మీద ఒకటి, పెరుగు గిన్నె మీద ఒకటి వేసింది. చేతిలో ఒకటి మిగిలింది. ఇటూ అటూ చూసి, దాన్ని తెచ్చి బల్ల మీదున్న నా పాస్‌పోర్టు మీద పెట్టి, వంటింట్లో లైటు ఆర్పేసింది.