పోపుల డబ్బాలో పద్దెనిమిది వందలు

మా అమ్మ పోపుల డబ్బాలో ఆవాల గిన్నె కింద ఎప్పుడూ ఒకటో రెండో నోట్లు మడిచి ఉండేవి. నాన్నకు తెలుసు, కానీ అడిగేవారు కాదు. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక నాకూ అదే అలవాటైంది. ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడాలంటే ఆ డబ్బానే దిక్కు కదా! ఆ అలవాటే పోయిన ఏడాది నన్ను తల దించుకునేలా చేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, మీలో కూడా ఇంట్లోనే చిన్న షాపో, టిఫిన్ సెంటరో, పచ్చళ్ల వ్యాపారమో నడుపుతున్నవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంటి కింది పోర్షన్‌లో బ్లౌజులు కుట్టే షాపు పెట్టాను. ఒక్క మిషనుతో మొదలైంది, ఇప్పుడు ఐదుగురు పనిచేస్తున్నారు. కటింగ్ చేసే అమ్మాయి, మగ్గం వర్కు చేసే ఆమె, మిషన్ల మీద ఇద్దరు, హుక్సులు, ఫాల్సులు కుట్టే పెద్దామె. ఉగాదికి కటింగ్ అమ్మాయికీ, మగ్గం ఆమెకీ జీతం పెంచాను. 15,000 ఉన్నది 15,200 చేశాను. అదేదో పెద్ద దానం చేసినట్టు లోపల ఓ సంతోషం.

మా లెక్కలు చూసే ఆడిటర్ గారికి ఫోన్‌లో ఈ మాట చెప్తే, "15,000 దాటింది కదమ్మా, ఇక నెలకు 150 వృత్తి పన్ను పట్టుకుని కట్టాలి" అన్నారు. పట్టుకోమన్నది చెవికెక్కింది. కట్టమన్నది ఎక్కలేదు.

మొదటి జీతం రోజు కటింగ్ అమ్మాయి కవరు విప్పి లెక్కపెట్టుకుంది. "అక్కా, రెండొందలు పెంచిన అన్నవ్. యాభయ్యే ఎక్కువున్నయ్, గిదేం లెక్క?" అంది.

"అది గవర్నమెంటుకు కట్టే పన్నమ్మా" అన్నాను. గవర్నమెంటు పేరెత్తగానే ఇంకేమీ అడగలేదు.

ఇద్దరివీ కలిపి మూడు వందలు తెచ్చి పోపుల డబ్బాలో పెట్టాను. ఇంటి పన్నులాగా ఏడాదికోసారి కట్టేదే అనుకున్నాను. ప్రతి నెలా అలాగే పెడుతూ వచ్చాను. జూన్‌లో పాప నోటుపుస్తకాలకు తక్కువైతే అందులోంచి తీశాను. శ్రావణంలో వ్రతం రోజు పూలకు, పళ్లకు మళ్లీ తీశాను. తీసిన ప్రతిసారీ "మళ్లీ పెట్టేస్తాలే" అనుకున్నాను.

అక్టోబరు మొదట్లో, సెప్టెంబరు జీతాలు ఇచ్చాక, ఆ అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. "అక్కా, మా బిడ్డ చదువు అప్పుకు బ్యాంకోళ్లు జీతం కాయితం అడుగుతున్నరు. ఆర్నెల్ల సంది పైసలు కోస్తున్నవ్ గద, ఆ రసీదు గూడ ఇయ్యరాదు" అంది.

నా నోట మాట రాలేదు. రేపిస్తానన్నాను. రాత్రి అందరూ పడుకున్నాక డబ్బా తీసి చూస్తే నాలుగు వందలున్నాయి. ఇద్దరికి ఆరు నెలలకు ఉండాల్సింది 1,800.

పొద్దున్నే ఆడిటర్ గారి దగ్గరికి పరిగెత్తాను. చీవాట్లు పెడుతూనే ఓపిగ్గా చెప్పారు. నాకు అర్థమైనంత చెప్తాను, వినండి.

ఈ వృత్తి పన్ను ఇన్‌కంటాక్స్ కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. రాజ్యాంగంలో 276వ అధికరణం రాష్ట్రాలకు ఈ హక్కు ఇచ్చింది. కాకపోతే ఒక మనిషి దగ్గర ఏడాదికి 2,500 రూపాయలు మించి తీసుకోకూడదు. 1988లో సవరణ రాకముందు ఆ పరిమితి 250 రూపాయలే. మన చట్టం 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ రేట్లు ఒకటే. నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు. 15,001 నుంచి 20,000 దాకా నెలకు 150, ఆపైన 200. మా వారి జీతం స్లిప్పులో ఇన్నేళ్లుగా నేను చూసీ చూడనట్టు వదిలేసిన ఆ 200 ఇదేనన్నమాట!

పన్ను పనిచేసేవాళ్లదే అయినా, కట్టే బాధ్యత జీతం ఇచ్చేవాళ్లది. వాణిజ్య పన్నుల శాఖలో యజమానిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఈ నెల జీతాల్లో పట్టుకున్నది వచ్చే నెల 10లోపు లెక్క చూపించి కట్టాలి. మనం పట్టుకోవడం మర్చిపోయినా కట్టక తప్పదు. ఆలస్యమైతే వడ్డీ, జరిమానా మన నెత్తినే పడతాయి. షాపు యజమానిగా మన సొంత వృత్తి పన్ను సంగతి వేరు, దానికి నమోదూ వేరే. పీఎఫ్, ఈఎస్‌ఐ అయితే కేంద్రానివి. ఐదుగురే కాబట్టి మాకు ఇంకా అవి రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పారాయన. మహారాష్ట్రలో 2023 ఏప్రిల్ నుంచి నెలకు 25,000 దాకా సంపాదించే ఆడవాళ్లకు ఈ పన్ను లేదట. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. 15,000 జీతాన్ని 15,150 చేస్తే చేతికి ఒక్క రూపాయీ పెరగదు. ఉగాదికి నేను చేసిన దానం విలువ అక్షరాలా యాభై రూపాయలని అప్పుడు తెలిసింది.

ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ చేయించాను. నా డబ్బుల్లోంచి 1,800 వేసి, పైన వడ్డీ కూడా కట్టాను. చలానా ప్రింటు తీసుకెళ్లి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. తారీఖు చూస్తే ఎలాగూ తెలిసిపోతుంది. అందుకే నేనే చెప్పేశాను. "నీ దగ్గర కోసిన పైసలు ఇన్నాళ్లూ కట్టలేదమ్మా. ఇంట్లో వాడుకున్నా. మళ్లీ పెట్టేద్దాం అనుకున్నా" అన్నాను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కాసేపు ఆ కాగితం వంక చూసి, "మా ఆయన గూడ నా పైసలు తీసినప్పుడు గట్లనే అంటడక్కా, మళ్ల పెడ్త అని" అంది. మెల్లగా మడిచి బ్యాగులో పెట్టుకుని మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మొగుళ్లు డబ్బులు లాక్కుంటారని కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఈ ఆడవాళ్లు నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నారో! అప్పుడల్లా "ఊరుకో" అని వీపు తట్టింది నేనే. వాళ్లను అలా ఓదార్చిన నేనే, నా కష్టంలోంచి దాచుకున్న నోటుకూ, వాళ్ల కష్టంలోంచి పట్టుకున్న నోటుకూ తేడా చూడలేదు. డబ్బా నాదే కానీ, అందులో ఆ 1,800 నావి కావు.

అక్టోబరు నుంచి వాళ్లిద్దరి జీతం 15,500 చేశాను. పన్ను పోను చేతికి 15,350 వస్తుంది. నెలనెలా జీతం కాగితం ఇస్తున్నాను. షాపులో క్యాలెండరు మీద ప్రతి నెలా 10వ తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన మేకుకు చలానాలు గుచ్చుతున్నాను. ఎవరైనా చూసుకోవచ్చు.

మొన్న పదో తారీఖుకు నేను మర్చిపోతే, కత్తెర పక్కన పెట్టి ఆ అమ్మాయే గుర్తుచేసింది. "అక్కా, ఇయ్యాల పది. మా పైసలు కట్టినవా?" అని. ఫోన్ తీసి, ఆమె ముందే కట్టాను.